పిల్లల చేతి పూవులు

పసిపిల్లల చేతికి పలకయు బలపమును ఇచ్చి బొమ్మ వేయుమన్నచో, వారిలో పెక్కుమంది పూవునే వేయుదురు. నడుమ ఒక సున్న. దాని చుట్టును అయిదు సున్నలు. క్రింద ఒక గీత. గీతకు ఇరువైపుల రెండు ఆకులు. ఊరేదైనను, బడి ఏదైనను ఈ పూవు మారదు. ఇది ఏ పూవని అడిగినచో వారు చెప్పలేరు. ఏలయన, అది ఏ చెట్టునను పూచినది కాదు. పెద్దలు నల్లబల్లపై వేసి చూపగా, ఒకరి చేతినుండి మరియొకరి చేతికి వచ్చిన పూవు అది. ప్రాథమిక పాఠశాలలో పిల్లలకు నానావిధములగు వస్తువులతో పూవులు చేయుట నేర్పవలెనని నేనును కోరుదును. కాని, ఆ విద్య ఈ అయిదు సున్నల పూవును రంగు కాగితముతో మరల చేయించుటతో ముగియరాదని నా అభిప్రాయము.

మన పల్లెలలో పూవులకు కొదువ లేదు. మందారమునకు అయిదు రేకులు. వాని నడుమనుండి పొడవైన కాడ యొకటి వెలుపలికి సాగి, దాని మీద పుప్పొడి తిత్తులు నిలిచియుండును. ఒంటిరేకు నందివర్ధనమునకును రేకులు అయిదే. కాని అవి యన్నియు ఒక వైపునకే తిరిగి గాలిమరను తలపించును. తంగేటి రేకుల అంచులు ముడుతలు పడియుండును. బంతిని మనము ఒక పూవందుము గాని, నిజమునకు అది అనేకములైన చిన్న పూవుల గుంపు. గునుగు కంకివలె నిటారుగా నిలుచును. ఈ భేదములను కంటితో చూచి విడిచిన పిల్లవాడు రేపు మరచిపోవచ్చును. చేతితో చేసినవాడు అంత సులభముగా మరువడు. చేయబూనినప్పుడు రేకులెన్నియో లెక్కింపవలెను. ఏ రేకు పైన, ఏ రేకు క్రింద ఉన్నదో పరికింపవలెను. కాడ ఎచట అతికినదో వెదకవలెను. కన్ను తొందరపడినను చేయి దానిని ఆపి మరల చూపించును.

ఒక్కొక్క పూవు ఒక్కొక్క వస్తువును కోరును. మందారపు రేకు పలుచనిది. దానికి పలుచని కాగితము తగును. దళసరి రేకుల తామరకు మట్టి తగును. బంతికి దర్జీ దుకాణమున రాలిన గుడ్డపీలికలు చాలును. ఉల్లిపొట్టు, మొక్కజొన్న పొత్తు మీది పొరలు, చింతపిక్కలు, ఎండుటాకులు, కొబ్బరిపీచు — వీనిలో డబ్బిచ్చి కొనవలసినది ఒక్కటియు లేదు. వస్తువు మారిన కొలది చేతికి క్రొత్త పాఠము వచ్చును. వార్తాపత్రిక కాగితము ఒక దిక్కున తిన్నగా చినుగును. వేరొక దిక్కున వంకరలు పోవును. మట్టిలో తడి యెక్కువైనచో రేకు వాలిపోవును, తక్కువైనచో పగులును. జొన్నదంటులోని బెండు తేలికగా ఉండి, పుల్ల గ్రుచ్చిన కదలక నిలుచును. ఇవి యన్నియు పుస్తకమున వ్రాసి బట్టీ పట్టించుటకు వీలైన సంగతులు కావు.

ఇచట నా తప్పు ఒకటి చెప్పుకొనక తప్పదు. నేను ప్రధానోపాధ్యాయుడనుగా ఉన్న దినములలో, బడి వార్షికోత్సవమునకై రెండవ తరగతి పిల్లలచేత పూవులు చేయించితిమి. అందరికిని గులాబిరంగు కాగితములు పంచి, ఒకే తీరున మడిపించి, వరుసగా గోడకు అంటింపదలచితిమి. ఒక మూల కూర్చున్న చిన్నపిల్ల మాత్రము కాగితమును ముట్టలేదు. ఒక చీపురుపుల్లకు దూది చుట్టి, కొనకు కుంకుమనీరు అద్ది, దానినే తదేకముగా చూచుకొనుచుండెను. నేను "ఇది పూవా, తల్లీ?" అని నవ్వితిని. తక్కిన పిల్లలును నవ్విరి. నేను ఆ దూదిని విప్పి, కాగితముతో గులాబి చేసి ఆమె చేతిలో పెట్టితిని. ఆమె ఏమియు అనక దానిని వరుసలో ఉంచెను.

ఆ సాయంకాలము పొలముగట్టు మీదుగా ఇంటికి పోవుచుండగా నా కాలికి గునుగు కంకులు తగిలినవి. వెండివంటి తెలుపు, కొనయందు లేత ఎరుపు. దూదియు, కుంకుమనీరును ఎందులకో అప్పుడు నాకు తెలిసినది. మరునాడు ఆ పిల్లను పిలిచి, దూది ఇచ్చి, నిన్నటి పూవును మరల చేయుమంటిని. ఆమె దూదిని నా వైపునకే జరిపి, "మీరే చేసి ఇవ్వండి, సారూ" అనెను. ఆ పూవును మరల చూచు భాగ్యము నాకు కలుగలేదు.

కొందరు పెద్దలు ఇట్లు ప్రశ్నింతురు: "అక్షరములను దిద్దించియే గదా నేర్పుచున్నాము, పూవును దిద్దించినచో తప్పేమి?" ఈ ప్రశ్న త్రోసివేయదగినది కాదు. అక్షరము నలుగురును ఒప్పుకొన్న గుర్తు. ఎవరి యిష్టము వచ్చినట్లు వారు వ్రాసినచో చదువరికి అందదు. పూవు అట్టిది కాదు. అది బడి గోడకు ఆవలనే పూచియున్నది. ఎవరైనను పోయి చూడవచ్చును. పిల్లలను వారి మానమున విడిచిపెట్టుమని నేను చెప్పుట లేదు. కత్తెర పట్టుట, జిగురు పలుచగా పూయుట, దారము ముడివేయుట గురువు చూపవలసినవే. జాగ్రత్తలును ఆయనయే చెప్పవలెను. గురిగింజలు చూపునకు అందమైనవే గాని విషపూరితములు. గన్నేరు, ఉమ్మెత్తలును అట్టివే. జిల్లేటి పాలు కంటబడిన హాని కలుగును. మరీ పసివారికి చిన్న గింజలిచ్చినచో ముక్కులోనో చెవిలోనో పెట్టుకొందురు. జొన్నదంటు బెరడు వ్రేలిని కోయును. పెద్దలే దానిని ఒలిచి ఈయవలెను. పనిముట్టును గురువు చూపవలెను; పూవును పిల్లలు చూడవలెను.

నేడు అంగళ్లలో కత్తిరించి సిద్ధపరచిన పూరేకులు పొట్లములుగా దొరకుచున్నవి. కొన్ని బడులలో ఇంటిపనిగా పూవు చేసి తెమ్మందురు. రాత్రి తల్లి మేలుకొని థర్మకోలును కోయును. ఉదయము మార్కు బిడ్డకు వచ్చును. దీనివలన నేర్చుకొన్నవారెవరు? వంకరగానున్నను బిడ్డ చేసినదే బిడ్డ విద్య.

ఈ విద్య మనకు క్రొత్తది కాదు. తెలంగాణమున బతుకమ్మను పేర్చునప్పుడు గునుగు పూవులకు రంగులద్ది, తంగేడు, బంతి, చామంతులతో వరుసలు తీర్తురు. అవ్వ పేర్చుచుండగా మనుమరాలు పూవులందించి, మరుసటి యేడు తానే చిన్న బతుకమ్మను పేర్చుకొనును. ఆంధ్రదేశమున ధనుర్మాసపు ముగ్గులలో గొబ్బెమ్మల తలపై గుమ్మడిపూవు నిలుపుటయు పిల్లలు అట్లే నేర్తురు. ఇతర దేశములవారును ఈ మేలును గుర్తించిరి. జర్మనీ దేశమున ఫ్రోబెల్ 1837లో పసిపిల్లలకై బడి నెలకొల్పి, 1840లో దానికి 'పిల్లల తోట' అను అర్థము వచ్చునట్లు 'కిండర్‌గార్టెన్' అని పేరు పెట్టెను. అచట కాగితము మడచుట, అల్లుట, మట్టిపని చదువులో భాగములు. మన దేశమున 1937లో వార్ధాలో జరిగిన సభయందు, చదువు చేతిపని చుట్టును సాగవలెనని గాంధీ మహాత్ముడు ప్రతిపాదించెను. 2020 నాటి జాతీయ విద్యావిధానమును కళలను తక్కిన పాఠములతో జోడింపవలెనని చెప్పుచున్నది. చెప్పినవారు ఎందరున్నను, తరగతిలో ఒక చిన్నచేతికి దూదియు పుల్లయు ఇచ్చి ఓపికతో వేచియుండు ఉపాధ్యాయుడు లేనిదే అది నెరవేరదు.

బాలబాలికలారా! మీ తమ్ముడో చెల్లెలో పూవు చేసి పెట్టుమని మీ యొద్దకు వచ్చును. అయిదు సున్నలు చుట్టి ఈయకుడు. చేయిపట్టి పెరటిలోనికి తీసికొనిపొండు. ఒక పూవు చూపి, రేకులెన్నియో లెక్కింపుమనుడు. చేతికి దొరకిన వస్తువేదో ఇచ్చి, ప్రక్కన కూర్చుండుడు. వారు చేసినది మీకు చీపురుపుల్లవలె కనబడినను నవ్వకుడు. అది ఏ పూవో ముందుగా అడిగి తెలిసికొనుడు.