సర్దేది మనం, చీటీ ఎవరి జేబులో?

ప్రయాణం అనగానే ఇంట్లో మగవాళ్ళు టికెట్ల గురించి ఆలోచిస్తారు. మనం పెట్టె గురించి ఆలోచిస్తాం. ఏ చీర కింద ఏముందో, జంతికల డబ్బా ఏ మూల పెట్టామో, ఆవకాయ సీసాకి ఎన్ని సంచులు చుట్టామో చీకట్లో అడిగినా చెప్పగలం. కానీ ఆ పెట్టెకి విమానాశ్రయం కౌంటర్లో ఇచ్చిన చిన్న చీటీ ఎక్కడుందని అడిగితే మాత్రం "ఏమో, ఆయన దగ్గరుండాలి" అంటాం. నా గొడవంతా ఆ చీటీ గురించే.

మాది ఎచ్చెర్ల. జాతీయ రహదారి మీద ఊరు. రైలెక్కాలంటే ఆమదాలవలసలో ఉన్న శ్రీకాకుళం రోడ్డు స్టేషన్‌కి పోవాలి, విమానమెక్కాలంటే విశాఖ దారి పట్టాలి. ఒకప్పుడు మాకు విమానమంటే తలెత్తి చూసేదే. ఇప్పుడు పిల్లలు గల్ఫ్‌లోనో అమెరికాలోనో ఉంటే, పురుళ్ళు పోయడానికి అమ్మలూ, అత్తలూ విమానాలెక్కుతున్నారు.

మా పక్కింటి వదిన అలాగే కూతురి పురిటికి వెళ్ళింది. పుట్టబోయే బిడ్డకని ఏళ్ళ తరబడి కూడబెట్టి చేయించిన గొలుసూ, మురుగులూ పొందూరు చీర మడతలో దాచి పెద్ద పెట్టెలో పెట్టింది. చేతిసంచిలో ఉంటే ఎవరైనా లాక్కుపోతారని ఆవిడ భయం. పెట్టెకి గట్టి తాళం వేసింది. అక్కడ దిగి చూస్తే తాళం వేసినట్టే ఉంది. చీర మడత కూడా ఉంది. మడతలో వస్తువులే లేవు.

తిరిగొచ్చాక ఆవిణ్ణి పలకరించిన వాళ్ళందరిదీ ఒకటే మాట: "అంత తెలివితక్కువగా అందులో ఎందుకు పెట్టావ్?" "నానేటి సేసేదమ్మా, తాళం యేసే కదా పెట్టాను" అని వదిన కళ్ళొత్తుకుంది. దొంగతనం చేసిందెవరో తెలీదు. మాట పడింది మాత్రం ఆవిడే. ఎవరూ "ఫిర్యాదు రాసిచ్చారా?" అని అడగలేదు. రాసివ్వలేదు. అడగాలని తెలిసినవాళ్ళే లేరు.

ముందు తాళం సంగతి చూద్దాం. జిప్పున్న పెట్టెకి ఎంత తాళం వేసినా, బాల్‌పెన్ మొన గుచ్చితే ఆ పళ్ళు విడిపోతాయి. పని అయ్యాక తాళం వేసి ఉన్న జిప్పునే అటూ ఇటూ లాగితే మళ్ళీ మూసుకుంటాయి. చూసేవాళ్ళకి ఏమీ తెలీదు. అమెరికా వెళ్ళే పెట్టెల్ని అక్కడి తనిఖీ సిబ్బంది తెరిచి చూడొచ్చు. వాళ్ళ తాళంచెవులతో తెరుచుకునే టీఎస్‌ఏ తాళమైతే పగలగొట్టరు, అంతే దాని ప్రయోజనం. ఆ తాళంచెవుల నమూనాలు కూడా 2015లో ఇంటర్నెట్‌లోకి వచ్చేశాయి. కాబట్టి తాళం వెయ్యండి, పెట్టె దారిలో ఊడిపోకుండా ఉంటుంది. దాన్ని నమ్మి బంగారం మాత్రం పెట్టకండి. నగలు, డబ్బు, పాస్‌పోర్టు, పిల్లల సర్టిఫికెట్లు, రోజూ వేసుకునే మందులు మన ఒంటి మీదో, ఒళ్ళో ఉండే సంచిలోనో ఉండాలి. పవర్‌బ్యాంకు ఎలాగూ పెద్ద పెట్టెలో పెట్టనివ్వరు.

అంతమాత్రాన తప్పంతా మనదేనా? కాదు. పెట్టె తీసుకుని చీటీ ఇచ్చిన క్షణం నుంచి దాని బాధ్యత విమాన సంస్థది. అంతర్జాతీయ ప్రయాణాలకి మాంట్రియల్ ఒప్పందం అని ఒకటుంది. 1999లో కుదిరింది, మన దేశం 2009లో చేరింది. దాని ప్రకారం పెట్టె దెబ్బతిన్నా, అందులో వస్తువు తగ్గినా, పెట్టె చేతికొచ్చిన 7 రోజుల్లోగా రాతపూర్వకంగా ఫిర్యాదు చెయ్యాలి. ఆలస్యంగా వస్తే, అందిన రోజు నుంచి 21 రోజుల గడువు. పరిహారానికి హద్దు ఉంది. 2024 డిసెంబర్ 28 నుంచి అది మనిషికి 1,519 ఎస్‌డీఆర్‌లు, మన లెక్కలో లక్షన్నర దాటుతుంది. నాలుగు తులాల బంగారానికి అదేమూలకి? పైగా నగలకి మా బాధ్యత లేదని చాలా సంస్థలు షరతుల్లోనే రాసుకుంటాయి. అంతకు మించిన విలువుంటే కౌంటర్లోనే ప్రకటించి, అడిగితే అదనపు రుసుం కట్టాలి.

రైలు సంగతి వేరు. 1989 రైల్వే చట్టం 100వ సెక్షన్ ప్రకారం, మనం బుక్ చేసి రసీదు తీసుకున్న లగేజీకే రైల్వే పూచీ. సీటు కింద పెట్టుకున్నది పోతే, సిబ్బంది నిర్లక్ష్యం వల్లే పోయిందని రుజువు చెయ్యాలి. అందుకే ఆ కింది కొక్కేలకి గొలుసు వేసుకోవడం మానకండి. బస్సు డిక్కీలో పెట్టినా సరే, క్లీనర్ని చీటీ అడగండి. "ఎందుకమ్మా, మేం చూసుకుంటాం" అంటాడు. నవ్వుతూనే మళ్ళీ అడగండి.

ఇవన్నీ పెద్ద పనులేం కావు. పెట్టె మూసేముందు తెరిచి ఉండగా ఒక ఫోటో, మూశాక ఒక ఫోటో తీసుకోండి. పేరు, ఫోన్ నంబరు పైనే కాదు, లోపల కూడా ఒక కాగితం మీద రాసి పెట్టండి. పైచీటీ చిరిగినా లోపలిది పనికొస్తుంది. బెల్టు మీద నుంచి పెట్టె దింపగానే జిప్పూ, మూలలూ అక్కడే చూసుకోండి. అనుమానమొస్తే బయటికి అడుగు పెట్టకుండా ఆ సంస్థ కౌంటర్లో ఫిర్యాదు రాయించి నకలు తీసుకోండి. "బయట పిల్లలు ఎదురు చూస్తున్నారు, పద పద" అని మగవాళ్ళు తొందర పెడతారు. పెట్టనివ్వండి. గుమ్మం దాటాక మన మాట నమ్మేవాళ్ళు తక్కువ.

మన అమ్మలు బీరువా తాళంచెవి కొంగున ముడేసుకుని తిరిగేవాళ్ళు. సొత్తు ఎవరు సంపాదించినా కాపలా వాళ్ళదే. ఇప్పుడూ కాపలా మనదే, పోతే మాటా మనకే. అలాంటప్పుడు ఆ చీటీ ఇంకొకరి జేబులో ఎందుకు? ఈసారి కౌంటర్లో వాళ్ళు చీటీ చాచగానే, ముందు మనమే చెయ్యి చాపుదాం.