బ్యాచ్ ఫైలును అప్పుడే పాతిపెట్టకండి

బ్యాచ్ ఫైళ్ల కాలం చెల్లింది, పవర్‌షెల్ నేర్చుకోండి, పాత కంప్యూటర్లు అవతల పారేయండి: హైదరాబాద్ దిల్‌సుఖ్‌నగర్ కోచింగ్ సెంటర్లలో ఇప్పుడిదే పాట. పాడేవాళ్లు చంపాపేట్ దాకా వచ్చి ఏదైనా డీటీపీ షాపులో తొంగిచూడాలి. పెళ్లికార్డులు, కరపత్రాలు పేజ్‌మేకర్ 7లో అను ఫాంట్లతో కట్టినవి. ఆ అక్షరాలు యూనికోడ్ కావు. ఆ ఫాంట్లు లేనిచోట తెరిస్తే పిచ్చి గుర్తులే. అందుకే ఎక్స్‌పీ సిస్టమ్ ఇంకా బతికుంది, దాని పక్కన విండోస్ 7, ఇంకో బల్లమీద విండోస్ 10. షాపు బంద్ చేసేముందు మూడింటి ఫైళ్లూ పెన్‌డ్రైవ్‌లోకి ఎక్కాలి. ఎక్స్‌పీతో పవర్‌షెల్ రాదు. విండోస్ 7తో వచ్చేది రెండో వెర్షన్, అందులోనూ స్క్రిప్టులు నడవకుండా ముందే కట్టడి. మూడుచోట్లా అడక్కుండా నడిచేది, కమాండ్లు వరసగా రాసిపెట్టిన బ్యాచ్ ఫైలే.

అది నమ్మదగింది కాదంటారు. నమ్మకం పోగొట్టింది ఎక్కడో దొరికిన నాలుగు లైన్లు అతికించి, పాత సిస్టమ్‌లో ఒక్కసారైనా నడిపి చూడని బద్ధకం! కాసేపు ఆగడానికి టైమౌట్ కమాండ్ రాస్తారు. ఎక్స్‌పీలో అది లేదు. 127.0.0.1కి ఆరుసార్లు పింగ్ చేయిస్తే ఎక్కడైనా అయిదు సెకన్లు ఆగుతుంది. ఫోల్డర్ పేరులో తేదీ పెడతారు; రీజియన్ అమెరికాదైతే తేదీలో ఏటవాలు గీతలొచ్చి ఫోల్డరే పుట్టదు. అన్నిటికంటే ఘోరం ఎర్రర్‌లెవెల్, అంటే కమాండ్ ముగిశాక ఇచ్చే అంకె. ‘ఇఫ్ ఎర్రర్‌లెవెల్ 1’ అంటే ఒకటీ, అంతకు పైనా. ఫైళ్లు కాపీ చేసే ఎక్స్‌కాపీ చోటు చాలక 4 ఇచ్చినా, ముందు 1ని అడిగినవాడికి ‘ఫైళ్లు లేవు’ అన్న అబద్ధమే కనిపిస్తుంది. పెద్ద అంకె నుంచి కిందికి అడగాలి. ఇంత చిన్న సంగతి నేర్పకుండా వేలల్లో ఫీజులు వసూలు చేయడం అన్యాయం. ఇక కొత్తదంతా నిలుస్తుందా? తేదీకి డబ్ల్యూఎంఐసీ కమాండే శరణ్యమని ఏళ్లపాటు చెప్పారు. విండోస్ 11 కొత్త విడుదలల్లో దాన్నే పక్కన పెట్టారు. ఎక్స్‌కాపీ మాత్రం అలాగే ఉంది.

ఎక్స్‌పీకి 2014 ఏప్రిల్ 8తో, విండోస్ 7కి 2020 జనవరి 14తో మద్దతు ఆగింది, ప్రమాదం కదా అంటారు. నిజమే, నెట్ తీసేయండి. నెట్ లేని సిస్టమ్‌కే రోజూ బ్యాకప్ మరీ అవసరం. కొత్తది కొనాలన్న సలహా సులువు. ఫాంట్లు మార్చి, పాత ఫైళ్లన్నీ మళ్లీ కట్టే ఖర్చు సలహాదారుడు భరించడు. పవర్‌షెల్ నేర్పండి, తప్పులేదు. దానికి ముందు, ఉన్న సిస్టమ్‌లన్నిటిలో నడిచే బ్యాచ్ ఫైలు రాయించండి. అది రాయలేనివాడికి పాతదాన్ని పారేయమనే హక్కు లేదు.