హైతీ చెల్లించిన వెల

దాస్యము రద్దయినదని శాసనము వ్రాసినంతమాత్రమున దాస్యఫలములు నశింపవు. పాలకులు మారినంతమాత్రమున ప్రజల పాట్లు తీరవు. ఈ రెండు సత్యములను ఒక్కచోట చూడగోరువారు కరిబియను సముద్రమందలి హైతీదేశచరిత్రను చదువవలయును. 1825 ఏప్రిల్ 17వ తేదీని ఫ్రాన్సురాజు పదియవ చార్లెస్ ఆ దేశమునుగూర్చి యొక శాసనము జారీచేసెను. దానికి సరిగా రెండువందల యేండ్లు నిండిన దినమున, 2025 ఏప్రిల్ 17న, ఫ్రెంచి అధ్యక్షుడు మేక్రాన్ ఆ శాసనపు పర్యవసానములను విచారించుటకై ఉభయదేశముల చరిత్రకారులతో ఒక సంఘమును ఏర్పాటుచేయుచున్నట్లు ప్రకటించెను. విచారణ మంచిదే. కాని విచారణ యొకటి, పరిహారము వేఱొకటి. అప్పుపడినవాడు పద్దుపుస్తకమును త్రిప్పుచు కూర్చున్నంతమాత్రమున అప్పు తీరునా?

ఆ శాసన మెట్టిదో తెలియుటకు ముందు ఆ దేశ మెట్లు పుట్టినదో తెలియవలయును. పదునెనిమిదవ శతాబ్దమున నేటి హైతీ సాన్‌దొమాంగ్ అను పేర ఫ్రెంచివారి వలసరాజ్యముగా నుండెను. యూరపుఖండము వాడిన పంచదారలో నూటికి సుమారు 40 పాళ్లును, కాఫీలో సగమునకు పైగాను ఆ చిన్న నేలనుండియే పోయెడివి. 1789 నాటికి అచ్చట తెల్లవారు సుమారు 30 వేలమంది. బానిసలు సుమారు 5 లక్షలమంది. చెఱకు నఱికిన వెంటనే ఆడింపకున్న రసము పులిసిపోవును. కావున పంటకాలమున గానుగలు రేయింబవళ్లు తిరిగెడివి. వానికి చెఱకందించు చేతులకు విరామము లేకుండెను. ఆ తోటలలో పుట్టువారికంటె చచ్చువారే హెచ్చు. బిడ్డలను పెంచి పెద్దచేయుటకంటె ఆఫ్రికానుండి క్రొత్తవారిని కొనుటయే చౌక యని యజమానులు లెక్కవేసికొనిరి. 1685 నాటి ‘నల్ల శాసనము’, పాఱిపోయి నెల దినములు కనబడని బానిసకు చెవులు కోసి భుజముపై ముద్ర వేయుమనియు, రెండవమాఱు మోకాలి నరము కోయుమనియు, మూడవమాఱు చంపుమనియు విధించినది. ఇట్టి ఘోరమునకు మూలకారణము వర్ణద్వేషము కాదు, లాభాపేక్ష. వర్ణద్వేషము ఆ లాభమును సమర్థించుటకు పిమ్మట కల్పింపబడిన శాస్త్రము.

1789లో ఫ్రాన్సున విప్లవము చెలరేగెను. మానవులెల్లరు స్వతంత్రులు, సమానులు అని పారిసునందు చాటింపబడెను. ఆ ప్రకటనమును సాన్‌దొమాంగ్‌నందు మూడు తరగతులవారు మూడు విధములుగ చదివికొనిరి. తోటల యజమానులకు స్వాతంత్ర్యమనగా ఫ్రెంచి వర్తకనిబంధనలనుండి విముక్తి. బానిసలుకాని నల్లవారికిని మిశ్రవర్ణులకును సమానత్వమనగా తెల్లవారితోపాటు తమకును హక్కులు. బానిసలు మాత్రమే దానిని వ్రాసినది వ్రాసినట్లు గ్రహించిరి. 1791 ఆగస్టులో ఉత్తరపు మైదానమందలి తోటలు తగులబడెను. 1793లో అచ్చటి ఫ్రెంచి ప్రతినిధులు బానిసలకు విముక్తి ప్రకటింపవలసివచ్చెను. 1794 ఫిబ్రవరి 4న పారిసుసభ దానిని ధ్రువపఱచెను. అది పారిసు పెట్టిన భిక్ష కాదు. బానిసలు గెలిచినదానిపై పారిసు వేసిన ముద్ర. 1801 డిసెంబరులో నెపోలియన్ వలసరాజ్యములందు దాస్యమును మరల నిలుపబూని గొప్ప సైన్యమును పంపెను. విప్లవనాయకుడైన తూసాన్ లూవెర్త్యూరు మోసముచే పట్టుబడి, 1803 ఏప్రిల్ 7న ఫ్రాన్సులోని జూ దుర్గమున చెఱలోనే మరణించెను. ఐనను ఆయన యనుచరులు ఆ యేడు నవంబరు 18న వెర్తియేరు యుద్ధమున నెపోలియన్ సేనలను ఓడించి, 1804 జనవరి 1న హైతీ స్వాతంత్ర్యమును చాటిరి. బానిసల తిరుగుబాటు రాజ్యస్థాపనగా పరిణమించుట చరిత్రయందు మఱెచ్చటను కానరాదు.

యుద్ధమున గెలిచినవారిని ఓడినవారు లెక్కలతో బంధించిరి. 1825 శాసనమును తెచ్చినది 14 యుద్ధనౌకల దండు. హైతీ స్వాతంత్ర్యమును ఫ్రాన్సు గుర్తింపవలెనన్న, మాజీ యజమానుల నష్టమునకు 15 కోట్ల ఫ్రాంకులు అయిదు వాయిదాలలో చెల్లింపవలెను. ఫ్రెంచి సరకులపై సుంకము సగమే తీసికొనవలెను. ఆ నష్టపులెక్కలో బానిసల వెలయు చేరియుండెను. అనగా తమ శరీరములను తాము రక్తము చిందించి విడిపించుకొన్నవారు, ఆ శరీరముల వెలను దొంగిలించినవానికే కట్టవలసివచ్చెను! మొదటి వాయిదాకై హైతీ పారిసు బ్యాంకులనుండి 3 కోట్ల ఫ్రాంకులు అప్పుచేయగా, బ్యాంకువారు తమ రుసుము 60 లక్షలు ముందుగనే తీసికొని 2 కోట్ల 40 లక్షలే చేతికిచ్చిరి. 1838లో మొత్తము 9 కోట్లకు తగ్గింపబడినది. అదియు ప్రభుత్వపు సాలీనా ఆదాయమునకు అనేక రెట్లు. పాత యప్పు తీర్చుటకు క్రొత్త యప్పు, దానిని తీర్చుటకు మఱియొకటి పుట్టెను. 1915నుండి 1934 వఱకు అమెరికాసేనలు దేశమును ఆక్రమించి ఖజానాను తమ వశము చేసికొనెను. 1922లో అమెరికాబ్యాంకు నొద్ద చేసిన అప్పుతో పూర్వపుటప్పులు చుట్టబడి, కడపటి పైక ముట్టినది 1947లో! ఈ ధనమును మోసినది కాఫీ పండించిన రైతు. ఎగుమతిపన్నురూపమున అతని కష్టార్జితము సముద్రము దాటెను. అతని పల్లెకు బడి రాలేదు, బాట రాలేదు.

హైతీ దుఃస్థితికి హైతీ నాయకులే కారణమనువారు కలరు. వారి మాటలో కొంత నిజము లేకపోలేదు. తూసాన్ తానే విముక్తులను తుపాకిబలముతో తోటలకు మరలించెను. 1804లో మిగిలిన ఫ్రెంచివారిని చంపించుట ఆ విప్లవమునకు మాయని మచ్చ. బాయెరు 1826 నాటి శాసనముచే రైతును తోటకు కట్టివేసెను. 1957నుండి 1986 వఱకు దువాలియే తండ్రికొడుకులు దేశమును దోచిరి. 2021లో అధ్యక్షుడు హత్యకు గురియైన పిమ్మట రాజధానిలో పెక్కుభాగము సాయుధముఠాల పాలైనది. ఐనను మేమడుగునది యొక్కటే: తన నాయకులు చేసిన తప్పులకు హైతీప్రజలు తరతరములుగా శిక్ష యనుభవించినారు, ఫ్రాన్సు తన తప్పునకు ఏమి చెల్లించినది? బాయెరు రైతును కట్టివేసినది సైతము చాలవఱకు ఈ యప్పు తీర్చుటకే కదా!

ఈ తప్పు ఫ్రాన్సుదొక్కటియే కాదు. 1833 శాసనముచే దాస్యమును రద్దుచేసిన బ్రిటను 2 కోట్ల పౌనులు పరిహారమిచ్చెను. ఎవరికి? యజమానులకు. బానిసకు కాసైన ముట్టలేదు. పైగా 1838 వఱకు ‘శిక్షణ’ పేర అతడు ఊడిగము చేయవలసివచ్చెను. ఆ నిమిత్తము చేసిన ఋణశేషము బ్రిటిషు ఖజానానుండి తీరినది 2015లో. పరిహారము పుచ్చుకొన్న మారిషసు తోటల యజమానులు 1834నుండి భారతదేశపు కూలీలను ఒడంబడికలపై తెప్పించుకొనిరి. గోదావరీముఖమందలి కోరంగి రేవునుండి ఓడలెక్కిన తెలుగువారును వారిలో కలరు. మారిషసున తెలుగువారికి ఆ రేవు పేరే నిలిచినది. కావున ఈ విషయము మనకు పరాయిది కాదు. బానిసయొక్క ఖాళీచేసిన చోటనే మన తాతలు చెఱకు నఱికిరి.

2003లో హైతీ అధ్యక్షుడు ఆరిస్టీడ్ ఈ ధనమును తిరిగి యిమ్మని యడిగెను, ఫ్రాన్సు ఈయలేదు. దాస్యము మానవజాతిపై నేరమని 2001లో ఆ దేశమే చట్టము చేసియున్నది. నేరమని యొప్పుకొని, నేరమువలన వచ్చిన సొమ్మును దాచుకొనుట ఏ ధర్మము? సొమ్మిచ్చిన ముఠాల పాలగునను శంక వట్టిది కాదు. కాని అది ఇచ్చు పద్ధతినిగూర్చిన శంకయే కాని, ఈయకుండుటకు కారణము కాదు. బడులకు, నీటికి, బాటలకు, వైద్యమునకు హైతీయులే నిర్వహించునట్టి నిధిగా దానిని ఏర్పఱుపవచ్చును. చరిత్రకారుల సంఘము కేవలము గ్రంథమును వ్రాసి విరమింపక, ఇంత పైకము, ఇంత గడువు అని తేల్చి చెప్పవలయును.

హైతీ తన కడపటి వాయిదా చెల్లించిన 1947వ సంవత్సరముననే మనకు స్వాతంత్ర్యము సిద్ధించినది. పరపాలనమున ధనమెట్లు సముద్రము దాటునో మనకొకరు చెప్పనక్కఱలేదు. అట్టి మనము హైతీ పక్షమున గట్టిగా మాటాడవలయును. ఐక్యరాజ్యసమితిలో భారతప్రతినిధులు ఈ ఋణప్రశ్న వచ్చినప్పుడు మౌనము వహింపరాదని మా విన్నపము.