బీరువాలోని డిస్కు - ఇంటిల్లిపాదికీ

ఒకప్పుడు పెళ్ళి ఫొటోల ఆల్బము బీరువాలో పట్టుచీరల నడుమ భద్రంగా ఉండేది. నేడు అనేక గృహాలలో ఆ స్థానాన్ని అరచేతిలో ఇమిడే హార్డ్ డిస్కు ఆక్రమించింది. ఆల్బము చుట్టూ నలుగురూ చేరి చూసేవారు. డిస్కు విషయంలో ఆ వీలు లేదు. మనుమడు దానిని తన కంప్యూటరుకు తగిలించుకొని కూర్చున్నంతసేపూ తాతగారు టీవీ ముందు వేచి ఉండవలసిందే.

ఈ ఇబ్బందికి విరుగుడు కొన్ని వైఫై రౌటర్ల వెనుకనే ఉన్నది. అక్కడి యూఎస్‌బీ పోర్టులో డిస్కు తీగను చొప్పించి, రౌటరు సెట్టింగులలో ఫైళ్ళను పంచుకొనే ఏర్పాటును తెరిస్తే, ఇంటిలోని ఫోనులు, టీవీ, కంప్యూటరు ఆ ఒక్క డిస్కునే చదువుకోగలవు. అయితే పోర్టు ఉన్న ప్రతి రౌటరుకూ ఈ శక్తి ఉండదు. కొన్నింటిలో అది ప్రింటరు కొరకో, మొబైల్ డాంగిల్ కొరకో ఉద్దేశించినది. కొనే ముందే విచారించుకోవడం మేలు.

రౌటరు నిజానికి ఒక చిన్న కంప్యూటరు. విండోస్ కంప్యూటర్లు ఫైళ్ళను ఇచ్చిపుచ్చుకొనే పద్ధతికి ఎస్.ఎం.బి. అని పేరు. పలు రౌటర్లలో ఆ పద్ధతిని నడిపేది 'సాంబా' అనే ఉచిత సాఫ్ట్‌వేరు. ఆస్ట్రేలియా రాజధాని కాన్‌బెరాలో పరిశోధక విద్యార్థిగా ఉన్న ఆండ్రూ ట్రిజెల్ 1992 ప్రాంతంలో దీనికి అంకురార్పణ చేశారు. ఎస్, ఎం, బి అక్షరాలు అదే వరుసలో వచ్చే మాట కొరకు కంప్యూటరులోని పదపట్టికను గాలించగా 'సాంబా' దొరికిందట. మన సాంబయ్యతో దీనికి చుట్టరికమేమీ లేదు.

ఆచరణలో మొదట ఎదురయ్యే చిక్కు విద్యుత్తు. ప్రమాణం ప్రకారం యూఎస్‌బీ 2.0 పోర్టు 500 మిల్లీఆంపియర్లు, 3.0 పోర్టు 900 మిల్లీఆంపియర్లు ఇస్తే చాలు. రెండున్నర అంగుళాల డిస్కు తిరగడం ఆరంభించే క్షణంలో అంతకు మించి కోరవచ్చు. అప్పుడది టిక్కు టిక్కుమంటూ, ఒకసారి కనిపించి మరొకసారి మాయమవుతూ ఉంటుంది. డిస్కే చెడిపోయిందని దానిని మూల పడవేసేవారూ ఉన్నారు. సొంత అడాప్టరు గల మూడున్నర అంగుళాల డిస్కుకు ఈ బాధ లేదు. కాని ఫైలు రాస్తుండగా కరెంటు పోతే, ఆ ఫైలుతోపాటు డిస్కులోని విషయసూచిక సైతం దెబ్బతినవచ్చు. రౌటరును మాత్రం ఇన్వర్టరుకు కలిపి, డిస్కును గోడ ప్లగ్గుకు వదలివేస్తే ప్రయోజనం లేదు.

ఇక పెళ్ళి వీడియో సంగతి. ఫ్యాట్ 32 పద్ధతిలో ఏర్పరచిన డిస్కులో ఒక్కొక్క ఫైలు 4 జీబీ లోపుగానే ఉండాలి. మూడు గంటల వీడియో తరచు ఆ హద్దు దాటుతుంది. ఎన్‌టీఎఫ్ఎస్, ఎక్స్‌ఫ్యాట్ పద్ధతులకు ఆ ఇరుకు లేదు గాని, వాటిని రౌటరు గుర్తించగలదో లేదో దానితో వచ్చిన పుస్తకంలో చూసుకోవాలి. పద్ధతి మార్చడమంటే డిస్కును తుడిచివేయడమే. కావున ముందు అందులోనిదంతా వేరొక చోటికి నకలు చేయాలి. మరొక చిన్న విషయం: యూఎస్‌బీ 3.0 తీగల నుండి వెలువడే రొద 2.4 గిగాహెర్ట్జ్ వైఫైకి అడ్డు తగులుతుందని ఇంటెల్ సంస్థ 2012లో వివరించింది. డిస్కును యాంటెన్నాలకు ఎడంగా ఉంచితే బాధ తగ్గుతుంది.

ఇవన్నీ సర్దుకొనే చిక్కులే. సర్దుకోలేనిది ఒకటున్నది. ఇంటివారికి తెరచిన తలుపు లోకానికి కూడా తెరచుకోవచ్చు. 2014 ఫిబ్రవరిలో ఆసుస్ కంపెనీ రౌటర్లు వాడుతున్న పలువురికి తమ డిస్కులలో ఎవరో వదలిన ఒక చీటీ కనిపించింది. ఈ పత్రాలను ప్రపంచంలో ఎవరైనా చూడగలరన్నది దాని సారాంశం. రౌటరులోని లోపాల వలన 12,900కు పైగా వినియోగదారుల డిస్కులు పరాయివారికి చిక్కినట్లు అమెరికా ఫెడరల్ ట్రేడ్ కమిషన్ 2016లో వెల్లడించింది. పాస్‌వర్డ్ అడగకుండానే ఎవరినైనా లోనికి రానిచ్చే అమరిక అందులో ముందుగానే ఉండడం ఒక లోపం. బ్యాంకు కాగితాలు, ఆధార్ నకళ్ళు పెళ్ళి ఫొటోల పక్కనే పడి ఉండే మన డిస్కుల మాట వేరే చెప్పనక్కరలేదు.

అందుచేత డిస్కును ఊరి బయటి నుండి చూసుకొనే సౌకర్యం ఎంత ముచ్చటగా ఉన్నా, దానిని మూసి ఉంచడమే క్షేమం. రౌటరుతో వచ్చిన పాస్‌వర్డును మార్చాలి. తయారీదారు విడుదల చేసే కొత్త ఫర్మ్‌వేరును ఎక్కించాలి. పాత రౌటర్లు కొన్ని ఎస్.ఎం.బి. మొదటి రూపం తప్ప మరొకటి ఎరుగవు. 2017 మేలో వానాక్రై అనే దుష్ట ప్రోగ్రాము దేశదేశాలలో వ్యాపించింది ఆ రూపంలోని లొసుగు గుండానే. అదే ఏడాది చివరి నుండి విండోస్ 10 కొత్త ప్రతులలో దానిని ముందుగా అమర్చడం మానివేశారు. డిస్కు కనబడడం లేదని ఎవరో సలహా ఇస్తే, ఆ పాత రూపాన్ని తిరిగి తెరవడం కన్న రౌటరును మార్చుకోవడం మంచిది.

రౌటరుకు తగిలించినంత మాత్రాన డిస్కులోని ఫొటోలు రెండు కావు. నిరంతరం తిరుగుతూ వేడెక్కే ఆ ఒక్క డిస్కు ఆగిపోతే అన్నీ పోయినట్లే. అదే కొలత గల రెండవ డిస్కు కొని, నెలకొకసారి నకలు చేసి, తీగ విప్పి పెట్టుకోవాలి. పట్టుచీరల నడుమ చోటు ఖాళీగానే ఉన్నది గదా!