పాత జీపుకు కొత్త బండి యాక్సిల్ వేస్తే ఆర్సీ చెల్లుతుందా?

తాతల నాటి జీపును బాగు చేయిస్తున్నారా? అయితే ఎప్పుడో ఒకప్పుడు మెకానిక్ నోటి నుంచి ఈ మాట వింటారు: "సార్, దీని వెనక యాక్సిల్ సామాను దొరకదు. కొత్త బండిది వేసేద్దాం." విజయవాడ ఆటోనగర్ లాంటి చోట ఈ పని చేసిపెట్టేవాళ్లకు కొదవ లేదు. చిక్కంతా తర్వాత ఆర్టీఏ ఆఫీసులో, బీమా కంపెనీ దగ్గర మొదలవుతుంది.

మెకానిక్ చెప్పేది అబద్ధమేమీ కాదు. విల్లీస్ నమూనాలో వచ్చిన పాత సీజే జీపులకు 9 అంగుళాల డ్రమ్ బ్రేకులే ఉంటాయి. చాలావాటిలో వెనక యాక్సిల్ నిష్పత్తి 5.38. అంటే చక్రం ఒక చుట్టు తిరగడానికి ప్రొపెల్లర్ షాఫ్ట్ 5.38 చుట్లు తిరగాలి. పొలం దారిలో, ఘాట్ రోడ్డులో బరువు లాగడానికి ఇది బాగుంటుంది. హైవే ఎక్కితే మాత్రం ఇంజన్ గోల పెడుతుంది. తక్కువ నిష్పత్తి ఉన్న కొత్త యాక్సిల్ పడితే ఇంజన్‌కు ఊపిరి ఆడుతుంది, బ్రేకులూ మెరుగవుతాయి.

మీటరు చెప్పేది నమ్మొచ్చా?

ఇక్కడే చాలామంది చూడని విషయం ఒకటుంది. ఈ జీపుల్లో స్పీడోమీటర్ కేబుల్ యాక్సిల్‌కు ముందే, ట్రాన్స్‌ఫర్ కేస్ నుంచి వస్తుంది. వెనక నిష్పత్తి మారిందని దానికి తెలియదు. 5.38 బదులు 4.10 యాక్సిల్ వేశారనుకుందాం. టైర్ల సైజు మారకపోయినా మీటరు 60 చూపిస్తున్నప్పుడు బండి నిజంగా వెళ్లేది దాదాపు 79 కిలోమీటర్ల వేగంతో! స్పీడ్ గన్‌కు దొరికితే చలానా. అంతకంటే పెద్ద సమస్య, ముందు చక్రాలకు ఇంకా పాత డ్రమ్ములే ఉండటం. మీటరు గేరు మార్పించకుండా బండి బయటికి తీయకండి.

ఫోర్ వీల్ డ్రైవ్ జీపైతే ఇంకో ముప్పు. ముందు యాక్సిల్ 5.38లో, వెనకది 4.10లో ఉంటే రెండూ కలిసి తిరగలేవు. గట్టి రోడ్డు మీద ఫోర్ వీల్ వేశారంటే ఏదో ఒక పళ్ల చక్రమో షాఫ్టో విరగాల్సిందే. నిష్పత్తి రెండు చోట్లా ఒకటిగా ఉండాలి.

బిగింపులోనూ మెలిక ఉంది. పాత విల్లీస్ తరహా జీపుల్లో వెనక డిఫరెన్షియల్ నడిమధ్యన ఉండదు, ఓ పక్కకు జరిగి ఉంటుంది. మధ్యలో డిఫరెన్షియల్ ఉన్న యాక్సిల్ వేస్తే ప్రొపెల్లర్ షాఫ్ట్ వంకరగా వస్తుంది. కమాన్ పట్టీలు కూర్చునే దిమ్మెలను కోసి మళ్లీ వెల్డింగ్ చేయాలి. ఆ వెల్డింగ్ యాక్సిల్ హౌసింగ్ మీదే జరిగిందా, ఛాసిస్ దాకా వెళ్లిందా అన్నది చట్టం దృష్టిలో పెద్ద తేడా.

చట్టం ఏమంటోంది?

మోటారు వాహనాల చట్టం సెక్షన్ 52 ప్రకారం, తయారీదారు ఇచ్చిన వివరాలకు ఆర్సీలోని వివరాలు తేడా వచ్చేలా బండిని మార్చకూడదు. 2019 జనవరిలో, కేరళ నుంచి వచ్చిన కేసులో సుప్రీంకోర్టు దీన్నే గట్టిగా చెప్పింది. అదే ఏడాది చట్ట సవరణతో మారిన సెక్షన్ 182ఏ కింద, అనుమతి లేని ఒక్కో మార్పుకు రూ.5,000 జరిమానా లేదా 6 నెలల దాకా జైలు, లేదా రెండూ పడొచ్చు.

మరి యాక్సిల్ సంగతి? సొంత కారు ఆర్సీలో ఇంజన్ నంబరు, ఛాసిస్ నంబరు, వీల్‌బేస్, బరువు ఉంటాయి. యాక్సిల్ నిష్పత్తి ఉండదు. 'మార్పు' అంటే బండి మౌలిక లక్షణాన్ని మార్చే నిర్మాణపు మార్పు అని అదే సెక్షన్ వివరణ ఇస్తోంది. అదే మోడల్ యాక్సిల్ పాతది తీసి కొత్తది వేస్తే అది మరమ్మతే. వేరే బండిది వేస్తే అది మరమ్మతా, మార్పా? తేల్చేది మీ ముందున్న మోటారు వాహనాల ఇన్‌స్పెక్టరే. 15 ఏళ్లు దాటిన బండికి ఐదేళ్లకోసారి ఆర్సీ రెన్యువల్ తప్పదు కాబట్టి, ఈ ప్రశ్న ఎప్పటికైనా ఎదురవుతుంది. పౌరుడి జేబుకు, భద్రతకు సంబంధించిన విషయాన్ని ఇలా ఒక అధికారి విచక్షణకు వదిలేయడం సరికాదు. స్పష్టమైన మార్గదర్శకం ఇవ్వాల్సింది రవాణా శాఖే.

50 ఏళ్లు దాటిన బండికి 'వీఏ' సిరీస్ వింటేజ్ నంబరు కావాలనుకునేవారికి గీత మరింత సన్నం. 2021 నిబంధనల ప్రకారం ఫీజు రూ.20,000, గడువు 10 ఏళ్లు. బండి అసలు రూపంలో ఉండాలి. ఛాసిస్, బాడీ షెల్, ఇంజన్‌లలో మార్పు ఉండకూడదు. యాక్సిల్ పేరు అందులో లేదు. కానీ కమాన్ పట్టీల బ్రాకెట్ల కోసం ఛాసిస్ కోశారంటే ఆ దారి మూసుకుపోయినట్టే.

ఏం చేయాలి?

పని మొదలుపెట్టకముందే మీ రిజిస్టరింగ్ అధికారికి లిఖితపూర్వకంగా దరఖాస్తు ఇవ్వండి, రసీదు తీసుకోండి. ఆర్సీలో నమోదు కావాల్సిన మార్పని అధికారి చెబితే, పని పూర్తయిన 14 రోజుల్లోగా తెలియజేయాలి. యాక్సిల్ ఏ బండిదో తెలిపే బిల్లు దాచుకోండి. బిల్లు లేని తుక్కు సరుకు దొంగ బండిదైతే కేసు మీ మెడకు చుట్టుకుంటుంది. బీమా కంపెనీకి కూడా రాసి ఇవ్వండి. దాచిన మార్పు బయటపడితే మీ బండి నష్టానికి క్లెయిమ్ ఇవ్వకపోవడానికి వాళ్లకు సాకు దొరుకుతుంది.

విప్పిన పాత యాక్సిల్‌ను మెకానిక్‌కు వదిలేయకండి. ఇన్‌స్పెక్టర్ కాదంటే తిరిగి బిగించాల్సింది దాన్నే.