చిన్న కారు - గుణాలంకార విచారము

ఇల్లు కట్టి చూడు, పెండ్లి చేసి చూడు అని పెద్దలనిరి. ఈ రెండు కార్యములకును నేటి మధ్యతరగతి గృహస్థు మూడవదానిని చేర్చుకొన్నాడు. అది కారు కొనుట. ఇంటి తరువాత ఆతడు ఒక్కమారుగా వెచ్చించు పెద్ద మొత్తము బహుశః ఇదియే. అయినను ఇంటిస్థలము కొనునపుడు దస్తావేజులను పదిమందికి చూపించు మనము, వరుని వెదకునపుడు మూడు తరముల వృత్తాంతమును కూపీ తీయు మనము, కారు విషయమున మాత్రము షోరూములోని దీపకాంతిలో అరగంట నిలిచి, రంగు చూచి, తెర చూచి, అడ్వాన్సు చెల్లించి వచ్చుచున్నాము. ఇది విచారింపదగిన విషయము.

ఒకప్పుడు మనకు ఎన్నిక అను సమస్యయే లేకుండెను. 1958 నుండి అంబాసిడరు, దానికి తోడుగా ఫియట్టు. డబ్బు కట్టి ఏండ్ల తరబడి ఎదురుచూచుటయే ఆనాటి కొనుగోలు. 1983 డిసెంబరు 14న మారుతి 800 మొదటి తాళపుచెవి యజమాని చేతికి అందినది మొదలు చిన్న కారు యుగము ప్రారంభమైనది. ఆ కారు తయారీ 2014 జనవరిలోను, అంబాసిడరు తయారీ ఆ యేటి మే నెలలోను ఆగిపోయినవి. 2019లో అనంతపురము జిల్లా పెనుకొండ వద్ద కియా కార్ల తయారీ మొదలైనది. ఇప్పుడా ప్రాంతము శ్రీ సత్యసాయి జిల్లాలోనిది. 2020లో సోనెట్ అను చిన్న కారు ఆ కరవు నేల నుండియే వెలువడినది. కొరతకాలమున కొనువానికి కావలసినది ఓర్పు. సమృద్ధికాలమున కావలసినది వివేకము. ఓర్పును మనము బాగుగనే నేర్చితిమి. వివేకమును నేర్చుట ఇంకను మిగిలియున్నది.

చిన్న కారు అనగా ఏమి? దీనికి చట్టము చెప్పిన లక్షణమొకటి కలదు. పొడవు 4 మీటర్లకు మించరాదు. ఇంజను పెట్రోలుదైనచో 1200 సీసీని, డీజిలుదైనచో 1500 సీసీని దాటరాదు. 2006 బడ్జెటులో ఎక్సైజు సుంకమును తగ్గించినపుడు గీసిన గీత ఇది. 2025 సెప్టెంబరు 22 నుండి పెట్రోలు, డీజిలు కార్లలో ఈ గీతకు లోపలివానికి జీఎస్టీ 18 శాతము, వెలుపలివానికి 40 శాతము. కవి గణయతిప్రాసలకు లోబడి పద్యము నడుపునట్లు, కంపెనీలు ఈ కొలతకు లోబడి కార్లను రూపొందించుచున్నవి. 2012లో డిజైరు కారు తోక కత్తిరించుకొని 3995 మిల్లీమీటర్లకు కుదించుకొన్నది ఇందులకే. అయితే ఛందస్సు కుదిరినంతనే పద్యము కవిత్వము కానట్లు, 4 మీటర్లలో ఇమిడినంతనే కారు మంచిది కాదు. ఆ కొలతలో ఏమి ఇమిడించిరి, ఇమిడించుటకు దేనిని విడిచిరి అనునదియే కొనువాడు అడుగవలసిన ప్రశ్న.

ఇచ్చట మన ఆలంకారికులు మనకు తోడ్పడుదురు. వామనుని మతమున కావ్యశోభను కలిగించునవి గుణములు. కలిగిన శోభను హెచ్చించునవి అలంకారములు. గుణము లేనిచోట ఎన్ని నగలు తొడిగినను శోభ పుట్టదు. కారునకు సైతము ఈ విభాగము చక్కగా సరిపోవును. ఢీకొన్నపుడు నలిగిపోని కట్టడము, నమ్మదగిన బ్రేకులు, అందరికి సీటుబెల్టులు, రాత్రివేళ దారి చూపు దీపములు, నడుము నొవ్వని సీటు, నేలకు తగిన ఎత్తు - ఇవి గుణములు. పెద్ద తెర, రంగురంగుల లోపలి దీపములు, అల్లాయ్ చక్రములు, సన్‌రూఫ్ - ఇవి అలంకారములు. షోరూములో గుణము కంటికి కనబడదు. అలంకారము మాత్రము కన్ను చెదరగొట్టును. పైన పటారము, లోన లొటారము అను సామెత ఇట్టి తావులకే పుట్టినది.

సన్‌రూఫ్‌నే తీసికొందము. పిల్లలు దానికై మారాము చేయుదురు. పెద్దలు దానికై పై మెట్టు కారును కొందురు. మే నెల మధ్యాహ్నమున రెంటచింతలలోను, రామగుండములోను పైకప్పు తెరచుకొని పోవువారెందరు? కదలు కారులో పిల్లలు దానిగుండ తలలు బయటపెట్టి నిలుచుట కన్నులపండువుగా తోచవచ్చును; కాని హఠాత్తుగా బ్రేకు పడినపుడు వారిని పట్టి ఉంచునది ఏదియు లేదు. క్షేమేంద్రుడు కావ్యమునకు ఔచిత్యమే ప్రాణమని చెప్పెను. చలిదేశమున ఎండకై తపించువారికి ఉచితమైన నగ మనకు ఉచితమగునా అని ఎవరికి వారు ప్రశ్నించుకొనవలెను.

వాహనమును పరీక్షించి కొనుట మనకు క్రొత్తవిద్య కాదు. మనుమంచి భట్టు హయలక్షణములను గూర్చి తెలుగున గ్రంథమే రచించెను. అంతదూరము పోనేల? సంతలో ఎద్దును కొను రైతును చూడుడు. కొమ్ములకు పూసిన రంగును, మెడలోని గంటలను ఆతడు చూడకపోడు. కాని వానికి వెల కట్టడు. పండ్లు చూచి వయసు కట్టును. గిట్టలు తడవి చూచును. నడిపించి నడక చూచును. బండికి కట్టి లాగించి చూచును. ఇల్లాలికి ఇష్టమైన మచ్చ ఉన్నదా అను ప్రశ్న వీని తరువాత వచ్చును. మనము సైతము కారును నునుపైన రోడ్డుపై పది నిమిషములు తిప్పి తృప్తిపడక, మన ఊరి గతుకులలో, స్పీడుబ్రేకరుపై, నలుగురు కూర్చుండగా ఎత్తు ఎక్కించి, మన వీధి సందు మలుపులో త్రిప్పి చూడవలెను. మోకాళ్ల నొప్పులు గల తల్లి వెనుకసీటులోనికి ఎక్కి దిగగలదా అనునది ఏ ప్రకటన పత్రమును చెప్పదు. ఆమెను వెంట తీసికొని పోయినగాని తెలియదు.

ఇక మెట్ల మాట. ఒకే కారును ఐదారు మెట్లుగా అమ్ముచున్నారు. ఎల్‌ఎక్స్‌ఐ, వీఎక్స్‌ఐ, జెడ్‌ఎక్స్‌ఐ అను అక్షరములు నేడు పల్లెలలోను బీజాక్షరములవలె జపింపబడుచున్నవి. ఈ మెట్లలోని కిటుకు ఏమనగా, మనకు అక్కరకు వచ్చునది తరచు అక్కరలేని నాలుగింటితో ముడిపడి ఉండును. వెనుక అద్దమును తుడుచు వైపరు కావలెనన్నచో అల్లాయ్ చక్రములను సైతము కొనవలసివచ్చును. మరి పదివేలు, మరి ఇరువదివేలు అనుచు మెట్టు మెట్టున ఎక్కినవాడు చివరకు తాననుకొన్నదానికంటె రెండు లక్షల ఎత్తున నిలుచును. దీనికి మందొకటే. షోరూమునకు పోకమునుపే ఇంటిల్లపాది కూర్చుండి ఒక కాగితముపై మూడు వరుసలు వ్రాసికొనవలెను: లేనిదే తీరనివి, ఉన్నచో మేలైనవి, లేకున్నను లోటులేనివి. మొదటి వరుస పూర్తియైన తరువాతనే రెండవదానిని ముట్టవలెను.

మొదటి వరుసలో మొదటి మాట ప్రాణరక్షణ. 2014 జనవరిలో గ్లోబల్ ఎన్‌క్యాప్ అను సంస్థ మన దేశమున అమ్ముడగు ఐదు చిన్న కార్లను గంటకు 64 కిలోమీటర్ల వేగమున ఢీకొట్టించి పరీక్షించినది. ఎయిర్‌బ్యాగులు లేని ఆ ఐదింటిలో దేనికిని పెద్దల రక్షణ విషయమున ఒక్క నక్షత్రమైనను రాలేదు. కొన్నింటి కట్టడమే తగినంత గట్టిది కాదనియు, వానికి ఎయిర్‌బ్యాగు తగిలించినను ప్రయోజనము స్వల్పమనియు తేలినది. గోడలు బలహీనమైన ఇంటికి తలుపు గట్టిది పెట్టినట్లే అది. తరువాతి చరిత్ర కొంత ఊరట కలిగించును. 2018 డిసెంబరులో టాటా నెక్సాన్ ఐదు నక్షత్రములు పొందినది. మన దేశపు కార్లలో ఆ గౌరవము దానికే మొదట దక్కినది. 2019 ఏప్రిలు నుండి చక్రములు బిగుసుకొని జారకుండ ఆపు ఏబీఎస్ బ్రేకులు, ఆ జూలై నుండి డ్రైవరుకు ఎయిర్‌బ్యాగు, 2021 ముగియునప్పటికి ప్రక్కసీటుకు ఎయిర్‌బ్యాగు తప్పనిసరియైనవి. 2023 అక్టోబరు 1న మన స్వంత పరీక్ష, భారత్ ఎన్‌క్యాప్, అమలులోనికి వచ్చినది.

నక్షత్రములను చదువుట ఉపాధ్యాయులకు వేరుగ నేర్పనక్కరలేదు. మొత్తము మార్కులను మాత్రమే చూచి విద్యార్థిని అంచనా వేయుట తగదని వారెరుగుదురు. పెద్దల రక్షణకు, పిల్లల రక్షణకు వేరువేరుగ నక్షత్రములిత్తురు, రెండును చూడవలెను. ఏ సంవత్సరపు కారునకు, ఏ మెట్టునకు ఆ ఫలితము వర్తించునో అడుగవలెను. ఈ పరీక్ష నిర్బంధము కాదు. కావున నక్షత్రము లేనంతనే కారు చెడ్డదనరాదు, పరీక్షకు కూర్చుండలేదని మాత్రమే అర్థము. అయితే పరీక్షకు కూర్చుండినవానికి, కూర్చుండనివానికి ఒకే సర్టిఫికెట్టు నిచ్చు పాఠశాల ఎక్కడనున్నది?

ఇంతయు కొని, బెల్టు పెట్టుకొననిచో ఫలమేమి? మూడుకొనల సీటుబెల్టును 1959లో వోల్వో కంపెనీ ఇంజనీరు నీల్స్ బోలిన్ రూపొందించగా, ఆ కంపెనీ దానిని ఇతరులు సైతము వాడుకొనుటకు విడిచిపెట్టినది. మనలో ముందుసీటువారు పోలీసులకు వెరచి దానిని తగిలించుకొందురు. వెనుకసీటువారికి ఆ వెరపును లేదు. వెనుక బెల్టు ధరింపవలెనని మన నిబంధనలు చెప్పుచునే ఉన్నవి. 2022 సెప్టెంబరులో పాల్ఘర్ వద్ద సైరస్ మిస్త్రీ దుర్మరణము పాలైనపుడు, ఖరీదైన కారులో వెనుకసీటున ఆయన బెల్టు ధరింపలేదని పోలీసులు చెప్పిరి. మన ఇండ్లలో వెనుక కూర్చుండువారెవరు? తల్లిదండ్రులు, ఇల్లాలు, పిల్లలు. కావున వెనుకసీటులో ప్రతివారికిని మూడుకొనల బెల్టు ఉన్నదా, చిన్నపిల్లల సీటును బిగించు ఐసోఫిక్స్ కొక్కెములున్నవా అని అడిగిన పిదపనే తెర ఎన్ని అంగుళములని అడుగుట న్యాయము.

ఇంధనము విషయమున అంకగణితమే గురువు. ప్రకటనలోని మైలేజి ప్రయోగశాలలో రోలర్లపై కొలిచినది. మన బజారు రద్దీలో అంత రాదు. పైగా 2025 నాటికి పెట్రోలులో 20 శాతము ఇథనాలు కలియుచున్నది. లీటరు ఇథనాలునందలి శక్తి పెట్రోలు కంటె సుమారు మూడవవంతు తక్కువ. ఇక సీఎన్‌జీ కారు 90 వేలు అధికమనియు, కిలోమీటరునకు 2 రూపాయలు ఆదా యగుననియు అనుకొందము. 45 వేల కిలోమీటర్లు తిరిగినగాని ఆ అదనపు సొమ్ము వెనుకకు రాదు. ఏటా 15 వేలు తిరుగువానికి అది మూడేండ్ల ముచ్చట; ఆదివారములందు గుడికి, పండుగలకు అత్తవారింటికి పోవుచు 5 వేలు మాత్రమే తిరుగువానికి తొమ్మిదేండ్ల తపస్సు. ఇద్దరికిని ఒకే కారు మంచిదని చెప్పు సలహాదారును నమ్మరాదు.

అప్పు సంగతియు అట్టిదే. 6 లక్షలు 9 శాతము వడ్డీకి తెచ్చి ఐదేండ్లలో తీర్చినచో నెలకు సుమారు 12,455 రూపాయలు. ఏడేండ్లకు సాగదీసినచో సుమారు 9,653. నెలకు 2,800 తగ్గినదని సంతసింతుము. మొత్తము మీద వడ్డీ 63 వేలకు పైగా హెచ్చినదని మరతుము. షోరూము ధరకు జీవితకాలపు పన్ను, రిజిస్ట్రేషను, బీమా కలియును. క్రొత్త కారునకు మూడేండ్ల థర్డ్ పార్టీ బీమా 2018 సెప్టెంబరు 1 నుండి తప్పనిసరి. కాని ఆ బీమాను అచ్చటనే కొనవలెనని నియమము లేదు. అందుచేత ధరను ఒక్క మొత్తముగా గాక పద్దు పద్దుగా వ్రాయించుకొని, ఒక్కొక్క పద్దుకు అర్థమడుగవలెను. కారు ఇంటికి రాకమునుపే చాసిస్ సంఖ్యను బట్టి అది తయారైన నెలను, సంవత్సరమును తెలిసికొనవలెను. ఎద్దు పండ్లు చూచుట ఇదియే.

జీవితమున ఒక్కమారు కొను కారునకు నాలుగు సొగసులు కోరుట తప్పా అని కొందరడుగుదురు. తప్పు కాదు. నగలను ద్వేషించుట విరాగులకే తగును. నేను చెప్పునది వరుసను గూర్చియే. ఎనిమిది లక్షల ఏనుగును కొని, అంకుశమునకు బేరమాడుట తగదని మాత్రమే నా మనవి.

అయినను భారమంతయు కొనువానిపై మోపుట ధర్మము కాదు. ఆరు ఎయిర్‌బ్యాగులను తప్పనిసరి చేయుదుమని 2022లో ప్రతిపాదించిన ప్రభుత్వము 2023లో దానిని విరమించినది. పలు కంపెనీలు వానిని తామే అన్ని మెట్లలోను అమర్చుట మెచ్చదగినదే. కాని ప్రాణరక్షణ ఒకరి ఔదార్యముపై ఆధారపడరాదు. ఒకే కంపెనీ కారులో పై మెట్టువాని బిడ్డకొక రక్షణ, క్రింది మెట్టువాని బిడ్డకొక రక్షణ ఉండుట నాకు సమ్మతము కాదు. రంగును, తెరను మెట్లుగా అమ్ముకొనుడు. ప్రాణమును మెట్లుగా అమ్మకుడు. పన్ను తగ్గించుటకు 4 మీటర్ల గీత గీయగలిగిన చట్టము, ఆ 4 మీటర్ల లోపల ఇంత రక్షణ ఉండితీరవలెనని మరియొక గీత గీయలేదా? 18 శాతము పన్ను రాయితీ పొందు కారు భారత్ ఎన్‌క్యాప్ పరీక్షకు నిలువవలెనని నియమించుట న్యాయమని నా అభిప్రాయము.

అంతవరకు ఉపాధ్యాయులు ఒక చిన్న పని చేయవచ్చును. ఒక కారు ధరల పట్టికను తరగతికి తెచ్చి, ఏది గుణము, ఏది అలంకారము విడదీయుడని పిల్లలకు ఈయుడు. లెక్కల ఉపాధ్యాయుడు వడ్డీని, భౌతికశాస్త్రోపాధ్యాయుడు వేగమును, తెలుగు ఉపాధ్యాయుడు ప్రకటన భాషలోని అతిశయోక్తిని ఆ కాగితముపైననే బోధింపవచ్చును. అట్టి పాఠము నేర్చిన పిల్లలు రేపు తండ్రి చేయి పట్టుకొని షోరూమునకు పోయినపుడు సన్‌రూఫ్ ఏదని అడుగక, నాయనమ్మ కూర్చుండుచోట బెల్టు ఏదని అడుగుదురు.