బడి మూస్తే తల్లి టీచరవ్వాలా?

2020 మార్చి నడిమిలో తెలంగాణలో బడులు మూతబడ్డాయి. ప్రాథమిక తరగతుల పిల్లలు మళ్లీ బడిలో కూర్చున్నది 2021 సెప్టెంబరు 1న. ఈ ఏడాదిన్నర పాటు చిన్నపిల్లల చదువు ఎవరి నెత్తిన పడింది? తల్లే తొలి గురువని చెప్పి తల్లుల నెత్తిన పెట్టాం. 'పెట్టాం' అని ఎందుకంటున్నానంటే ఇందులో ప్రభుత్వంతో పాటు మనమూ ఉన్నాం.

2021 ఫిబ్రవరిలో, మిరప కోతల రోజుల్లో, ఖమ్మం జిల్లా వేంసూరు మండలంలోని ఒక పల్లెకు నేనూ కరపత్రాలు పట్టుకుని వెళ్లాను. రోజూ పిల్లలతో అరగంట కూర్చోండి, కథ చెప్పండి, గింజలతో లెక్కపెట్టించండి అని వాటిలో రాశాం. కోత నుంచి అప్పుడే వచ్చిన ఒకామె అంతా ఓపిగ్గా విన్నది. "నువ్వు చెప్పేవన్నీ మంచివే మేడం. ఆ అరగంట ఎక్కణ్ణుంచి తేవాలో కూడా రాయాల్సింది" అన్నది. నా దగ్గర జవాబు లేదు. ఆమె భర్త అరుగు మీదే కూర్చున్నాడు. కరపత్రం ఆయన చేతికివ్వాలని నాకు తోచనే లేదు!

బడులు మూతబడక ముందే, 2019లో, కేంద్రం దేశమంతటా కాల వినియోగ సర్వే చేసింది. ఇంటిపని చేసే స్త్రీలు అప్పట్లో అందుకు రోజుకు సగటున 299 నిమిషాలు వెచ్చించేవారు. ఆ పని చేసే మగవాళ్లు వెచ్చించింది 97 నిమిషాలు. అసలు రోజులో ఇంటిపని ముట్టుకున్న మగవాళ్లే నూటికి 26 మంది. ఈ బరువు మీద పంతులు పని కూడా పెట్టాం, జీతం లేకుండా.

2020 సెప్టెంబరు 1 నుంచి టీవీలో పాఠాలు వచ్చాయి కదా అంటారు. అవి మూడో తరగతి నుంచి పైవాళ్లకే. ఒకటి, రెండు తరగతుల వాళ్లకు అవీ లేవు. అంగన్‌వాడీ నుంచి తిండి ఇంటికి వచ్చింది, ఆటపాటల చదువు రాలేదు. ఇది ఆ ఒక్క విపత్తులో జరిగిన పొరపాటు కాదు. 2009 విద్యాహక్కు చట్టం హక్కు ఇచ్చిందే ఆరు నుంచి పద్నాలుగేళ్ల వాళ్లకు. ఆరేళ్ల లోపు పిల్లల చదువుకు ఏర్పాట్లు చేస్తే చేయవచ్చని ప్రభుత్వాల ఇష్టానికి వదిలింది. బిడ్డకు హక్కుగా రానిది తల్లికి బాధ్యతగా వచ్చి పడుతోంది.

తల్లి నేర్పడం తప్పా అని కొందరు మిత్రులు అడుగుతున్నారు. తప్పని ఎవరన్నారు? పొడుపుకథలు, కాయల లెక్కలు మన కరపత్రాలతో రాలేదు, ఆడవాళ్లకు అవి ఎప్పటినుంచో తెలుసు. నా అభ్యంతరం దాన్ని విధిగా మార్చడం మీద. బిడ్డ వెనకబడితే "తల్లికి చదువు రాదు, పట్టించుకోదు" అని నింద ఆమెకే వస్తుంది. దమ్మపేట, అశ్వారావుపేట వైపు కోయ గూడేల్లో ఇంటి మాట వేరు, వాచకం మాట వేరు. అక్కడ ఏ తల్లిని తప్పుపడతాం? తల్లికి తీరకపోతే ఆ పని పెద్ద కూతురి మీద పడుతుంది. అప్పుడు ఆ పిల్ల చదువు ఏం కావాలి?

పిల్లల్ని చూడడం కూలి ఇవ్వవలసిన పని అని 2005 ఉపాధి హామీ చట్టమే ఒప్పుకుంది. పని చోట ఆరేళ్ల లోపు పిల్లలు ఐదుగురుంటే, వాళ్లను చూడడానికి కూలీల్లో ఒక స్త్రీని కేటాయించి కూలి ఇవ్వాలన్నది. అంగన్‌వాడీ కార్యకర్తలకు, ఆయాలకు గ్రాట్యుటీ హక్కు ఉందని 2022 ఏప్రిల్‌లో సుప్రీంకోర్టు చెప్పింది. కేంద్రంలో చేస్తే ఆ పనికి 'గౌరవ వేతనం' ఇస్తారు. ఇంట్లో చేస్తే అదీ లేదు, గౌరవం ఒక్కటే.

వరదకో ఎండకో జబ్బుకో బడి మళ్లీ మూతబడవచ్చు. అప్పుడు ప్రతి వాడలో పది మంది పిల్లలకు ఒక చోటు, ఆ వాడ మాట తెలిసిన ఒక మనిషి, ఆ మనిషికి పూర్తి కూలి కావాలని ఇప్పుడే అడగాలి. ఆరేళ్ల లోపు పిల్లల చదువును హక్కు చేయమని అడగాలి. ఇంటిపనిలో మగవాడి వాటా గురించి సంఘం మీటింగుల్లోనే కాదు, అరుగుల మీద కూడా మాట్లాడాలి. ఇవి అడగకుండా తల్లుల చేతిలో ఇంకో కరపత్రం పెట్టే హక్కు మనకు లేదు.